తెప్ప, కెరటం, 0.3 మిల్లీఆంపియర్లు

జూన్ 9

తెల్లారకముందే నాన్నని ఆర్‌కే బీచ్‌కి తీసుకెళ్ళాను. కాళీ గుడి దాటి మెట్లు దిగేదాకా నా చెయ్యి పట్టుకోకుండానే నడిచాడు. చెప్పులు విప్పి ఇసుకలోకి దిగాడు. ఒకటి, రెండు, మూడు. మూడో అడుగుకి మనిషి ఎడమపక్కకి ఒరిగిపోయాడు. పట్టుకున్నాను గానీ ఇద్దరం మోకాళ్ళ మీద పడ్డాం.

"ఏటయింది నాన్నా, కళ్ళు తిరిగాయా?"

"తిరగనేదమ్మా. కాళ్ళ కింద ఏదో ఉన్నాది గానీ, నానెక్కడున్నానో తెలనేదు."

ముప్పై ఏళ్ళు ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసిన మనిషి. డీజిల్ మడ్డి అంటిన చెక్క మీద, ఊగే బోటులో, రెండు చేతులా స్పానర్ పట్టుకుని నిలబడేవాడు. చిన్నప్పుడు నేను ఒడ్డున నిలబడి చూసేదాన్ని. ఇవాళ అదే మనిషి మూడడుగులు వెయ్యలేకపోయాడు.

ఇంటికొచ్చి ఈ నోట్‌బుక్ తెరిచాను. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బయోమెడికల్ ల్యాబ్ చూసుకుంటాను. నా చేతనైంది కొలవడం. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

జూన్ 16

ఈఎన్‌టీ డాక్టర్ గారి దగ్గర గంటన్నర పట్టింది. అందులో సగం సమయం ఆయన మాటల కోసమే వెచ్చించారు. మనం "తల తిరుగుతోంది" అని ఒక్క ముక్కలో అనేస్తాం. ఆయన దాన్ని విడదీసి అడిగారు. మంచం మీద పక్కకి ఒత్తిగిలితే గది గిర్రున తిరిగి అర నిమిషంలో ఆగుతుందా? లేవగానే కళ్ళు బైర్లు కమ్ముతాయా? ఎప్పుడూ తల దిమ్ముగా ఉంటుందా? లేక కూర్చుంటే బాగానే ఉండి, నడిస్తే తూలుతారా?

ఒక్కో మాట వెనక ఒక్కో జబ్బు. ఒత్తిగిలినప్పుడు గిర్రున తిరిగేది ఎక్కువగా లోపలి చెవిలో సున్నపు రేణువులు చోటు తప్పి నాళాల్లోకి జారడం వల్ల. దానికి తలని వరసగా కొన్ని కోణాల్లో తిప్పే ఎప్లీ పద్ధతి ఉంది, చాలామందికి ఒకటి రెండు సార్లలోనే నయమవుతుంది. దానికి ఏ కరెంటూ అక్కర్లేదు. లేవగానే బైర్లు కమ్మితే బీపీ చూడాలి. ఉన్నట్టుండి తూలుడు మొదలై, మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే ఇవేవీ ఆలోచించకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తాలి, అది పక్షవాతం కావచ్చు. ఈ పేజీ ఎవరు చదివినా ఈ వాక్యాలు మాత్రం గుర్తుపెట్టుకోండి. నేను కింద రాసేది వీటిలో దేనికీ మందు కాదు.

నాన్నది వేరే. ఎదురుగా కూర్చుని డాక్టర్ గారు నాన్న తలని రెండు చేతులా పట్టుకున్నారు. "నా ముక్కే చూస్తూ ఉండండి పెద్దాయనా" అని, తలని ఉన్నపళంగా కొంచెం కుడికి తిప్పారు. నాకు చేసి ఉంటే కళ్ళు ముక్కు మీంచి కదలవు. లోపలి చెవి చెప్పిన మరుక్షణమే కళ్ళు తలకి ఎదురు తిరుగుతాయి. నాన్న కళ్ళు తలతోపాటే కుడికి వెళ్ళిపోయాయి. సెకనులో పదో వంతు గడిచాక, తప్పిపోయామని తెలుసుకుని ముక్కు మీదకి ఒక్క దూకు దూకాయి. ఎడమకీ అంతే. పక్కన కూర్చున్న నాకు ఆ దూకు స్పష్టంగా కనిపించింది. నడుస్తుంటే దుకాణాల బోర్డులు ఎగురుతున్నాయని నాలుగేళ్ళుగా నాన్న చెప్పేది దీని గురించేనని అప్పుడు అర్థమైంది. మేం కళ్ళద్దాలు మూడుసార్లు మార్పించాం.

రెండు చెవుల్లోనూ సమతూకం చూసే భాగం బాగా దెబ్బతింది. నాలుగేళ్ళ కిందట ఇన్‌ఫెక్షన్‌కి వారాల తరబడి జెంటామైసిన్ ఇంజక్షన్లు ఇచ్చారు. ఆ మందు లోపలి చెవిలోని రోమ కణాల్ని చంపగలదు, చచ్చిన కణాలు మనుషుల్లో తిరిగి సరిగ్గా పుట్టవు. వినికిడి బాగానే ఉండిపోవచ్చు, అందుకే ఎవరికీ చెవి మీద అనుమానం రాదు. ఇన్‌ఫెక్షన్ నుంచి ఆ మందే నాన్నని బతికించింది, అది ఒప్పుకుంటాను. కానీ ఇంజక్షన్లు నడిచిన అన్ని రోజుల్లో "నడకలో తేడా వస్తే వెంటనే చెప్పండి" అని ఒక్క మాట ఎవరైనా అని ఉంటే మేం చెప్పి ఉండేవాళ్ళం. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

జూన్ 23

ఇసుక ఎందుకు? డాక్టర్ గారు కాగితం మీద గీసి చూపించారు. నిలబడటానికి మనిషికి మూడు సాక్షులు: కళ్ళు, పాదాలు, లోపలి చెవి. నాన్నకి మూడో సాక్షి దాదాపు లేనట్టే. చీకట్లో మొదటి సాక్షి పోయాడు. మెత్తటి ఇసుకలో రెండోవాడి మాట నమ్మకానికి లేకుండా పోయింది. అదే బీచ్ రోడ్డు కాలిబాట మీద, పట్టపగలు, నాన్న ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి దాకా ఒక్కడే వెళ్ళొస్తాడు.

వైద్యం ఏమిటంటే ముందు వ్యాయామం. గోడ క్యాలెండర్‌లో తారీకు అంకె మీద చూపు నిలిపి, తలని అటూ ఇటూ ఆడించాలి, అంకె చెదరకూడదు. రోజుకి మూడు పూటలు. దీనికి గట్టి ఆధారాలున్నాయి. నాన్న ఇవాళే మొదలుపెట్టాడు.

నేను అడిగింది రెండోది, చెవి వెనక నుంచి ఇచ్చే అతి చిన్న కరెంటు గురించి. చెవి వెనకాల ఉబ్బెత్తు ఎముక ఉంటుంది కదా, దాని మీద రెండు వైపులా రెండు ఎలక్ట్రోడ్లు అంటించి మిల్లీఆంపియర్ లోపు కరెంటు పంపితే, అది సమతూకపు నరాన్ని తాకుతుంది. తలకి కరెంటు ఇస్తే మనిషి తూలతాడని చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1820 ప్రాంతంలోనే రాశాడు, అంటే ఇది కొత్త సంగతేమీ కాదు. మైనస్ వైపు నరం ఎక్కువ సంకేతాలు పంపుతుంది, ప్లస్ వైపు తక్కువ. మెదడు దాన్ని తల కదలికగా చదువుకుంటుంది, దాన్ని సరిచెయ్యబోయి ఒళ్ళు ప్లస్ వైపుకి ఒరుగుతుంది.

మరి ఒరిగేలా చేసేది నిలబెట్టేది ఎలా అవుతుంది? కరెంటుని ఒకే దిక్కుకి కాకుండా, రేడియోలో స్టేషన్ల మధ్య వచ్చే బరబరలాగా, క్రమం లేకుండా, మనిషికి తెలియనంత తక్కువగా ఇస్తే కథ మారుతుంది. టోక్యో యూనివర్సిటీ బృందం 2014లో న్యూరాలజీ పత్రికలో దీని ఫలితాలు ప్రచురించింది. 21 మంది ఆరోగ్యవంతులు, నాన్నలాగే రెండు చెవులూ దెబ్బతిన్న 11 మంది. చాలామందిలో ఊగిసలాట తగ్గింది. అందరికీ ఒకే మోతాదు పనిచెయ్యలేదు, ఎవరి మోతాదు వాళ్ళది. మోతాదు మించితే మళ్ళీ ఊగుడు పెరిగింది.

రాత్రి అన్నం తింటూ ఈ బరబర సంగతి నాన్నకి చెప్పడానికి తంటాలు పడ్డాను. కంచంలో వేలు ఆపి విన్నాడు.

"తెప్ప ఇసకలో కూరుకుపోతే ఏటి సేస్తాం? నలుగురం తోస్తే కదల్దు. తోస్తూనే ఉంటాం. సిన్న కెరటం వొచ్చినప్పుడల్లా కూసింత లెగుస్తాది, అప్పుడు కదుల్తాది. కెరటం తోసిందా, మనం తోసామా? రెండూ. పెద్ద కెరటం వొస్తే తెప్ప తిరగబడిపోద్ది."

ఇంతకన్నా బాగా నాకు క్లాసులో చెప్పడం రాలేదు. నాన్న చెవిలో మిగిలిన కాసిని కణాల సంకేతం ఆ తోపు. అది గడప దాటలేకపోతోంది. బరబర కరెంటు చిన్న కెరటం. పరిశోధకులు దీన్ని స్టోకాస్టిక్ రెసొనెన్స్ అంటారు. నేను ఈ నోట్‌బుక్‌లో కెరటం అనే రాస్తాను. తోపు అసలే లేకపోతే కెరటం ఒక్కటీ తెప్పని ఒడ్డు దాటించలేదు, అదీ ఇందులోనే ఉంది.

జులై 7

ముందు కొలిచే పీట. కరెంటు సంగతి తరవాత.

50 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్, నాలుగు మూలలా నాలుగు 50 కిలోల లోడ్ సెల్స్, బరువు తూచే మిషన్లలో ఉండేవే. మనిషి నిలబడితే నాలుగు మూలల మీద బరువు ఎలా పంచుకుందో తెలుస్తుంది. దాన్నిబట్టి బరువు కేంద్రం పీట మీద ఎక్కడుందో లెక్క కట్టొచ్చు. ఆ చుక్క ముప్పై సెకన్లలో ఎంత దూరం తిరిగితే అంత ఊగినట్టు.

మామూలుగా నాలుగు సెల్స్‌ని కలిపి, వాటి సన్న సంకేతాన్ని అంకెగా మార్చే హెచ్‌ఎక్స్711 చిప్పు ఒక్కదానికే ఇస్తారు. నాకు మూలకొక లెక్క కావాలి కాబట్టి నాలుగు చిప్పులు పెట్టాను. ఈ సెల్స్‌లో కొలిచే బ్రిడ్జి సర్క్యూట్ సగమే ఉంటుంది, మిగతా సగాన్ని రెండేసి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్లతో పూర్తి చెయ్యాలి. ఇంకో సంగతి, ఈ చిప్పు బోర్డులు సెకనుకి 10 కొలతలే ఇస్తాయి. చిప్పు 15వ కాలు (పిన్ను) గ్రౌండ్ తీగకి కలిపి ఉంటుంది. దాన్ని సూదితో లేపి, సరఫరా తీగకి టంకం వేస్తే 80 వస్తాయి. నాలుగు చిప్పుల్లో ఒకదాని కాలు విరిగింది. జగదాంబ దగ్గర కొట్టులో ఇంకోటి తెచ్చాను.

జులై 12

పీట అబద్ధం చెబుతోంది.

రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి పెట్టి ముప్పై సెకన్లు కొలిచాం. బస్తా ఊగదు. చుక్క కదలకూడదు. స్క్రీన్ మీద చుక్క తిరిగిన దూరం 27 సెంటీమీటర్లు. ఒక్కో కొలతలో ఉండే వెంట్రుకవాసి తప్పు, సెకనుకి 80 చొప్పున 2400 సార్లు కలిస్తే ఇంతయింది. మనిషిని నిలబెట్టి ఈ అంకె చూసి ఉంటే అది మనిషి ఊగుడే అనుకునేవాళ్ళం.

పైగా ఫ్యాను వేస్తే చుక్క మెల్లగా ఒక మూలకి జారుతోంది. గంటసేపు వెతికాక దొరికింది. బ్రిడ్జి పూర్తిచెయ్యడానికి నేను వాడినవి చవక కార్బన్ రెసిస్టర్లు. గాలికి చల్లబడి విలువ మారుతున్నాయి. మెటల్ ఫిల్మ్ రకం వేసి, మూతపెట్టి, కొలతల్లోంచి 5 హెర్ట్జ్ పైన, అంటే సెకనుకి ఐదుసార్లకన్నా వేగంగా ఊగే గలాటా అంతా వడకట్టాం. బస్తా ఇప్పుడు 4 సెంటీమీటర్లు "నడుస్తోంది". ఆ నాలుగు ప్రతి కొలతలోనూ ఉంటాయని పీట మీదే మార్కర్‌తో రాసిపెట్టాను.

ఇకనుంచి ప్రతిరోజూ ముందు బస్తా, తరవాత మనిషి. ఇది నియమం.

జులై 20

ఫోమ్. చీకట్లో ఇసుకని గదిలోకి తేవాలంటే మెత్తటి ఫోమ్ మీద కళ్ళు మూసుకుని నిలబెట్టాలి. సోఫాలు కుట్టే కొట్టులో నాలుగు అంగుళాల మందం ముక్క కోయించాను.

ఫిజియోథెరపిస్టు మేడమ్ నడుముకి బెల్టు కట్టి నాన్న వెనక రెండు చేతులూ చాచి నిలబడ్డారు. గట్టి పీట, కళ్ళు తెరిచి: 30 సెకన్లు, పూర్తి. గట్టి పీట, కళ్ళు మూసి: 30, కానీ చుక్క పీటంతా తిరిగింది. ఫోమ్, కళ్ళు తెరిచి: 30. ఫోమ్, కళ్ళు మూసి: 4 సెకన్లు.

నాలుగో సెకనులో నాన్న పాదాలు చూశాను. వేళ్ళు పదీ ఫోమ్‌లోకి గుచ్చుకుపోయాయి, గోళ్ళు తెల్లబడ్డాయి. మడమలు వణికాయి. ఆ తరవాత మోకాలు, నడుము, మనిషి మొత్తం ఒక్కసారే వెనక్కి. మేడమ్ పట్టుకున్నారు. నాన్న కళ్ళు తెరిచి, "బేగి అయిపోనాది" అన్నాడు.

ఆగస్టు 3

కరెంటు డబ్బా. దీనికి నేను పెట్టుకున్న మొదటి షరతు, సాఫ్ట్‌వేర్ పిచ్చెక్కినా, చిప్పు కాలిపోయినా, మనిషికి హాని చేసేంత కరెంటు బయటికి వెళ్ళకూడదు. ఆ హామీ ప్రోగ్రాములో ఉండకూడదు, తీగల్లోనే ఉండాలి.

రెండు 9 వోల్టుల బ్యాటరీలు. గోడ ప్లగ్గుకి, ల్యాప్‌టాప్‌కి ఏ తీగా లేదు, సమాచారం అంతా బ్లూటూత్‌లో. చెమట పడితే చర్మం నిరోధం పడిపోతుంది, విశాఖ ఆగస్టులో అది నిమిషానికోలా ఉంటుంది. అందుకని ఎదుటి నిరోధం మారినా కరెంటు మారకుండా చూసే హౌలాండ్ పంప్ సర్క్యూట్. ఎలక్ట్రోడ్‌కి ముందు వరసలో 8.2 కిలోఓమ్‌ల రెసిస్టర్. చర్మం నిరోధం సున్నా అనుకున్నా, 9 వోల్టులకి 1.1 మిల్లీఆంపియర్లు మించదు. దాని తరవాత, వీపులు ఆనించి కలిపిన రెండు 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, ఒకే దిక్కు కరెంటు ఎక్కువసేపు పారకుండా. ఒకే దిక్కు కరెంటు అంటే మనిషి ఒక పక్కకి ఒరుగుతాడు, చర్మం కూడా మండుతుంది.

మనిషి బదులు 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి స్కోప్‌లో, అంటే కరెంటు తీరుని గీతగా చూపే మిషన్‌లో, చూస్తే రెండు జబ్బులు కనిపించాయి. ఒకటి, బరబర సరాసరి సున్నా దగ్గర ఉండక 0.04 మిల్లీఆంపియర్లు పైకి జరిగి ఉంది, ఆప్‌ఆంప్ చిప్పులో పుట్టే కాస్త తేడా (ఆఫ్‌సెట్) వల్ల. సర్దుబాటు మర (ప్రీసెట్) తిప్పి సరిచేశాను. రెండోది ఇంకా చెడ్డది. స్విచ్ వేసిన క్షణాన ఒక ముల్లు లేస్తోంది, అంటే కరెంటు ఒక్కసారి ఎగిరిపడుతోంది. అది మనిషికి తగిలితే కళ్ళలో మెరుపు, నోట్లో ఇనుప రుచి, ఒక తూలు. అందుకే రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్, పెట్టాం. డబ్బా ఆన్ అయ్యాక పది సెకన్లు ఎలక్ట్రోడ్లు దేనికీ కలవవు. కలిశాక కూడా కరెంటు సున్నా నుంచి మెల్లగా పెరుగుతుంది.

వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్‌లో పనిచేస్తున్న పాత విద్యార్థి వచ్చి, వైద్య పరికరాల ఐఈసీ 60601 ప్రమాణం దగ్గర పెట్టుకుని రెండు రోజులు మా డబ్బాని ప్రశ్నలతో వేధించాడు. "మేడమ్, ఈ రెసిస్టరే షార్ట్ అయితే?" దాన్ని ఒకటి బదులు రెండు ముక్కలుగా వరసలో పెట్టాం. మా దగ్గర చదువుకున్నవాడు నన్ను అలా నిలదీస్తుంటే చాలా సంతోషమేసింది.

ఆగస్టు 24

మనుషుల మీద ప్రయోగానికి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ. కాగితాలు అడిగారు, సర్క్యూట్ అడిగారు, అన్నీ ఇచ్చాను. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, చెవిలో ఇంప్లాంట్ ఉన్నవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు, చెవి వెనక పుండు ఉన్నవాళ్ళు ఎవరూ ఇందులోకి రారని రాశాను. అంతా అయ్యాక ఒక పెద్దావిడ అడిగారు: "ఆయన మీ నాన్నగారు. వద్దనాలనిపిస్తే మీతో అనగలరా?"

నా దగ్గర జవాబు లేదు.

చివరికి ఒప్పుకున్నారు, షరతులతో. అంగీకార పత్రం డాక్టర్ గారే, నేను లేకుండా, తెలుగులో చదివి వినిపించి తీసుకోవాలి. కొలతలప్పుడు నేను గదిలో ఉండకూడదు. ఏ రోజు నిజం కరెంటో ఏ రోజు ఉత్తుత్తిదో నాకూ, నాన్నకీ, మేడమ్‌కీ, డాక్టర్ గారికీ తెలియకూడదు. ఇంటికొచ్చి ఆలోచించాను. ఆ షరతులు లేకపోతే నేను నాన్న నిలబడాలని కోరుకుంటూ స్టాప్‌వాచ్ నొక్కేదాన్ని. అరసెకను ఆలస్యంగా నొక్కేదాన్ని, నాకే తెలియకుండా.

సెప్టెంబర్ 6

నామీద నేను, డాక్టర్ గారు పక్కన ఉండగా. బరబర కాదు, రెండు సెకన్లకోసారి అటూ ఇటూ మారే నెమ్మది అల, 0.5 మిల్లీఆంపియర్లు. చెవుల వెనక చీమ పాకినట్టు అనిపించింది. కళ్ళు మూసుకుని పీట మీద నిలబడితే, పడవలో కూర్చున్నట్టు ఒళ్ళు కుడికీ ఎడమకీ. ఎవరూ తొయ్యలేదని తెలుసు, అయినా ఒళ్ళు వినలేదు. స్క్రీన్ మీద చుక్క అడ్డంగా ఒక గీత గీసింది.

తరవాత డాక్టర్ గారు తలని మాత్రం భుజం మీదకి తిప్పమన్నారు. పాదాలు అలాగే. అదే కరెంటు, అదే తీగలు. ఇప్పుడు ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊగింది. చుక్క నిలువు గీత గీసింది. కరెంటు చెవికి చెప్పింది "తల పక్కకి ఒరుగుతోంది" అని. తల ఎటు తిరిగి ఉందో మెడ దగ్గర కనుక్కుని, కాళ్ళకి ఏ దిక్కు సరిచెయ్యాలో మెదడే లెక్క వేసుకుంది. ఆ రెండు గీతల ప్రింటు తీసి ల్యాబ్ తలుపుకి అంటించాను. సిలబస్‌లో పదేళ్ళుగా చెబుతున్న పాఠం నా మడమల్లో తెలిసింది ఇవాళే.

సెప్టెంబర్ 13

రిహార్సల్. ఉత్తుత్తి రోజున కూడా డబ్బా ఆన్ అవుతుంది, తీగలు అంటిస్తారు, లైటు వెలుగుతుంది, కరెంటు మాత్రం డబ్బాలోనే ఉన్న రెసిస్టర్‌లోకి పోతుంది. అంతా అయ్యాక ఫిజియో మేడమ్ అన్నారు: "మీ డబ్బా ఒక్కోసారి టిక్ అంటోంది, ఒక్కోసారి అనట్లేదు."

రిలే శబ్దం! నిజం రోజున మాత్రమే రిలే పడుతోంది. గదిలో ఉన్న ఎవరికైనా రెండో రోజుకే తెలిసిపోయేది. అన్ని వడపోతలు, అన్ని షరతులు, ఒక్క టిక్‌తో నీళ్ళపాలయ్యేవి. ఇప్పుడు రెండు రిలేలు, ఏ రోజైనా ఏదో ఒకటి టిక్ అంటుంది. మేడమ్ చెవి డబ్బాకి ఆనించి పదిసార్లు విన్నారు. తేడా చెప్పలేకపోయారు.

సెప్టెంబర్ 20

పద్ధతి తేలింది. ఎనిమిది రోజులు, నాలుగు జంటలు. ప్రతి జంటలో ఒకటి నిజం, ఒకటి ఉత్తుత్తి. ఏది ముందో మా విద్యార్థి నాణెం వేసి తేల్చి, కవర్లో పెట్టి, డబ్బాకి ఆ రోజు కోడ్ ఎక్కించి వెళ్ళిపోతాడు. జంటలు ఎందుకంటే నాన్న వ్యాయామం వల్ల రోజురోజుకీ మెరుగవుతాడు, ఫోమ్ రోజురోజుకీ నలుగుతుంది. పక్కపక్క రోజుల్ని పోల్చితేనే న్యాయం. అరగంట కరెంటు ప్రభావం ఆ తరవాత కొన్ని గంటలు నిలవొచ్చని పెద్ద వయసువాళ్ళ మీద చేసిన పరిశోధనలున్నాయి, అందుకని రోజుకీ రోజుకీ మధ్య కనీసం మూడు రోజుల ఎడం.

మోతాదు డాక్టర్ గారు తేల్చారు. మెల్లగా పెంచుతూ పోతే 0.6 దగ్గర నాన్నకి చెవి వెనక జిల అనిపించింది. అందులో సగం, 0.3 మిల్లీఆంపియర్లు. నాన్నకి ఏమీ తెలియదు, తెలియకూడదు.

సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 23

నేను వరండాలో బల్ల మీద కూర్చుంటాను. లోపల మేడమ్ గొంతు: "మొదలు." తరవాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంతసేపుంటే నాన్న అంతసేపు నిలబడినట్టు. లెక్కపెట్టకూడదనుకుంటాను, పెదాలు లెక్కపెడుతూనే ఉంటాయి.

ఫోమ్, కళ్ళు మూసి, రోజుకి మూడేసి సార్లు, వాటి సగటు సెకన్లలో: 6, 5. 9, 8. 12, 14. 11, 15.

ఏడో రోజు పొద్దున వాన, బస్తా పరీక్షలో పీట 9 సెంటీమీటర్లు చూపించింది. కనెక్టర్‌లో పచ్చగా చిలుము. సముద్రపు గాలి ఇత్తడిని వదలదు. గీకి, మళ్ళీ టంకం వేసి, బస్తా 4కి దిగాకే నాన్నని పిలిచాం. సెకన్లు స్టాప్‌వాచ్‌వి కాబట్టి వాటికి ఢోకా లేదు, కానీ ఆ రోజు ఆలస్యమై నాన్న గంటన్నర కూర్చుని అలిసిపోయాడు. 11కి అది కారణం కావచ్చు.

ఇంట్లో క్యాలెండర్ ముందు వ్యాయామం ఒక్క పూట మానలేదు. తారీకు అంకె మొదట్లో రెండు వేళ్ళ మందం చెదిరేదట, ఇప్పుడు వేలెడు.

అక్టోబర్ 26

కవర్లు తెరిచాం. విద్యార్థి చదువుతుంటే డాక్టర్ గారు పలక మీద రాశారు.

నిజం రోజులు: 6, 9, 14, 15. సగటు 11. ఉత్తుత్తి రోజులు: 5, 8, 12, 11. సగటు 9. నాలుగు జంటల్లోనూ నిజం రోజే పైచెయ్యి.

గుండె కొట్టుకుంది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. డాక్టర్ గారు సుద్దముక్క కింద పెట్టి, "నాణెం నాలుగుసార్లు వేస్తే నాలుగుసార్లూ బొమ్మే పడే అవకాశం ఎంతమ్మా?" అన్నారు. పదహారులో ఒకటి. నాకు తెలుసు. తెలిసినా ఆయన నోట వినాల్సి వచ్చింది. పైగా నాలుగో జంటలో ఆ 11 వాన రోజుది. మూడో జంట దాకా గెలుపు ఒకటి రెండు సెకన్లే.

ఇంకో లెక్క కూడా పలక మీదే ఉంది. మొదటి జంట సగటు 5.5, చివరి జంట సగటు 13. ఆ ఏడున్నర సెకన్లు కరెంటువి కావు. క్యాలెండర్ అంకెవి, నాన్న పట్టుదలవి, కొంత ఫోమ్ నలిగినందువి, ఈ పరీక్షకి ఒళ్ళు అలవాటు పడినందువి. ఉత్తుత్తి రోజులు లేకుండా, రోజూ కరెంటు ఇచ్చి, మొదటి రోజుని చివరి రోజుతో పోల్చి ఉంటే 6 నుంచి 15కి లేచిందని నేను ఊరంతా చెప్పుకునేదాన్ని. ఆ లెక్కతోనే ఎవరైనా ఇలాంటి డబ్బా అమ్మజూపితే, ఉత్తుత్తి రోజుల అంకెలు చూపించమని అడగండి. చెవి వెనక కరెంటు ఇంకా పరిశోధనలోనే ఉంది. ఇంట్లో బ్యాటరీ, తీగలతో ఎవరూ ప్రయత్నించొద్దు. నిలదీసే డాక్టరూ కమిటీ లేకపోతే నేనూ చెయ్యను.

సాయంత్రం నాన్నకి చెప్పాను. అంతా విన్నాడు.

"అయితే కెరటం వొచ్చినట్టా, రానట్టా?"

"వచ్చినట్టే కనిపిస్తోంది నాన్నా. కానీ మనం నాలుగుసార్లే తోశాం."

"ఇంకోపాలి తోద్దాం, నాకేటి."

నవంబర్ 2

డాక్టర్ గారు మళ్ళీ నాన్నతో, నేను లేకుండా, మాట్లాడారు. పత్రం మీద కొత్త సంతకం. ఈసారి ఎనిమిది జంటలు. కమిటీకి కాగితం పంపాం. కనెక్టర్లన్నీ మార్చి, బంగారు పూత ఉన్నవి వేశాం. ఫోమ్ ఒకేసారి నాలుగు ముక్కలు కోయించాను, రెండు జంటలకో కొత్త ముక్క. ఏ ముక్క ఎప్పుడు వాడాలో అంచున రాసిపెట్టాను.

ఇవాళ తెల్లారకముందు నాన్న బీచ్‌కి వెళ్దామన్నాడు. కరెంటు లేదు, డబ్బా లేదు. మెట్ల దగ్గర చెప్పులు విప్పి ఇసుకలోకి దిగాడు. నా చేతిని పట్టుకోలేదు, జానెడు దూరంలో ఉంచమన్నాడు. పదకొండు అడుగులు లెక్కపెట్టాను. పన్నెండో అడుగుకి చెయ్యి అందుకున్నాడు.